కోవర్టు పాత్ర రాయాలంటే ముందు అతనికి పూచీ పడ్డ మనిషిని రాయండి

కొత్తగా క్రైం నవలలు రాసేవాళ్ళ చేతిలో కోవర్టు కథ దాదాపు ఒకే దారిన పోతుంది. ఎస్ఐ గడ్డం పెంచుతాడు, లుంగీ కడతాడు, ముఠా నాయకుడి ఎదుట ఇద్దర్ని చితక్కొడతాడు, మర్నాటికల్లా అతని కుడిభుజం అయిపోతాడు. చదివేవాడు అక్కడే పుస్తకం పక్కన పెడతాడు. కిరాణాకొట్లో అప్పు పుట్టాలన్నా ఎవరో ఒకరు "మనవాడే, ఇవ్వండి" అనాల్సిన ఊళ్ళు మనవి. లక్షల రూపాయల దొంగ వ్యాపారంలోకి ముక్కూమొహం తెలియనివాణ్ణి ఎవరు రానిస్తారు?

ఇలాంటి కథకు ప్రాణం ఎక్కడుందో నాకు తోచింది చెబుతాను. వేషం వేసినవాడి పక్కన ఇంకో మనిషి ఉంటాడు. అతన్ని నమ్మి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, "వీడికి నాదీ పూచీ" అన్నవాడు. ఆ మనిషి బాగా కుదిరితే కోవర్టు పాత్ర దానంతట అదే నిలబడుతుంది. కుదరకపోతే ఎన్ని కాల్పులు రాసినా నిలబడదు.

చెప్పేది గాల్లో ఉండకుండా ఒక ఊహాకథను వెంటబెట్టుకుని నడుద్దాం. చోటు గుంటూరు మిర్చి యార్డు. సాంబశివరావు అనే కమిషన్ వ్యాపారి రైతులకు నకిలీ మిరప విత్తనాలు అంటగడుతున్నాడని అనుమానం, ఆధారం మాత్రం లేదు. శ్రీకాకుళం జిల్లా నుంచి అప్పలరాజు అనే కానిస్టేబుల్‌ని పిలిపించి, నాగరాజు పేరుతో సాంబశివరావు కొట్లో గుమస్తాగా చేరేలా చూశారు. మనుషులూ కొట్టూ కల్పితం. యార్డు, ఊళ్ళు, చట్టాలు నిజం.

మొదటి మెట్టు: ఏ రకం వేషమో తేల్చుకోండి

మఫ్టీ పోలీసు వేరు, డెకాయ్ వేరు, ఇన్ఫార్మర్ వేరు, కోవర్టు వేరు. మఫ్టీలో ఉన్నవాడు యూనిఫాం తీశాడంతే, పేరూ ఊరూ మార్చుకోలేదు. డెకాయ్ ఒక్క లావాదేవీ కోసం వెళ్ళే మనిషి. ఇన్ఫార్మర్ ముందునుంచీ అక్కడే ఉన్నవాడు, భయానికో డబ్బుకో కక్షకో కబురు చేరవేస్తాడు. కోవర్టు అయితే లేని మనిషిని ఉన్నట్టు చేసి, నెలల తరబడి ఆ మనిషిగా బతకాలి.

మీ కథకు నిజంగా కోవర్టు కావాలా అని కూడా ఆలోచించండి. చాలా కథలకు డెకాయ్ చాలు. ఏసీబీ ట్రాప్‌నే తీసుకోండి. ఫిర్యాదు చేసిన మామూలు మనిషే గంటసేపు నటుడవుతాడు. నోట్ల నంబర్లు ముందే రాసుకుంటారు, వాటికి ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు, మధ్యవర్తుల సమక్షంలో కాగితం తయారవుతుంది. డబ్బు తీసుకున్నవాడి వేళ్ళు సోడియం కార్బొనేట్ నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీరంగులోకి తిరుగుతాయి. పొడి పూసిన నోట్లు జేబులో పెట్టుకుని, అధికారి గది బయట బల్లమీద కూర్చుని, పిలుపు కోసం చూస్తున్న రైతు మనసులో ఏం జరుగుతుందో రాస్తే పది పేజీల మంచి కథ అవుతుంది. నవల కావాలంటేనే కోవర్టు జోలికి వెళ్ళండి.

నవలకు కాలం కూడా ముఖ్యం. మా ఉదాహరణలో పంటే క్యాలెండరు. నకిలీ విత్తనం అమ్మేది వేసవి చివర. నారు పోసేది, నాటేది వానల్లో. పూత నిలవలేదని, కాయ పట్టలేదని రైతుకు తెలిసేసరికి శీతాకాలం. సరుకు యార్డుకొచ్చి అప్పులు తేలేది మాఘం నుంచి ఎండలు ముదిరేదాకా. అంటే విత్తనం పొట్లం దగ్గర మొదలైన మోసం పట్టీ కాగితం (సరుకు అమ్మాక రైతుకిచ్చే లెక్క చీటీ) మీద కనపడటానికి దాదాపు ఏడాది. కోవర్టు అంతకాలం ఎందుకుండాలి అన్న ప్రశ్నకు మీరు వేరే కారణం వెతుక్కోనక్కర్లేదు.

రెండో మెట్టు: పూచీ పడే మనిషిని తయారుచేయండి

హీరో జీవితచరిత్ర కన్నా ముందు ఈ మనిషిది రాసుకోండి. మన కథలో అతను వెంకటేశ్వర్లు. అరవై దాటాయి. సాంబశివరావు తండ్రి హయాం నుంచీ ఆ కొట్లో పెద్ద గుమస్తా. పద్దులన్నీ అతని చేతిరాత. షావుకారు కూడా అతన్ని "మీరు" అంటాడు.

అతను నాగరాజుని ఎందుకు నమ్మాడు? ఇక్కడ తొందరపడకండి. గుంటూరులో అడుగుపెట్టకముందే నాగరాజుకి విజయవాడలో గతం ఉండాలి. ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లోడింగ్ గుమస్తాగా చేరి, మిర్చి లోడ్ల లెక్కలు చూస్తూ, వెంకటేశ్వర్లుతో రోజూ ఫోన్లో మాట్లాడుతూ కొన్ని నెలలు గడపాలి. ఒక రాత్రి యార్డు నుంచి వస్తున్న లారీ కాజ టోల్‌గేటు దగ్గర టైరు పేలి ఆగిపోయింది. డ్రైవరు మెకానిక్ కోసం వెళ్ళాడు. నాగరాజు తెల్లవార్లూ బస్తాల దగ్గరే కూర్చున్నాడు. పొద్దున లెక్క చూస్తే ఒక్క టిక్కీ, అంటే మిర్చి బస్తా, తగ్గలేదు. వెంకటేశ్వర్లు మెచ్చుకోలేదు, థాంక్స్ చెప్పలేదు. మూడు నెలల తర్వాత కొట్లో గుమస్తా మానేసినప్పుడు షావుకారుతో ఒక మాట అన్నాడు: "బెజవాడ కుర్రాడొకడున్నాడండీ. నికార్సైన మనిషి. నాదీ పూచీ."

ఆ టైరుని పోలీసులే పేల్చారని రాయాలని మీకు అనిపించవచ్చు. వద్దంటాను. అది నిజంగా పేలిన టైరే కావాలి, నాగరాజు నిజంగానే మేలుకుని కాపలా కాయాలి. అప్పుడు వెంకటేశ్వర్లు నమ్మకంలో సగం నిజం ఉంటుంది. మొత్తం అబద్ధమైన నమ్మకం కన్నా సగం నిజమైన నమ్మకం తెగినప్పుడు నొప్పి ఎక్కువ. చివరి అధ్యాయానికి కావలసిన సరుకంతా ఈ రాత్రిలోనే ఉంది.

పూచీ పడ్డవాడికి ఏమవుతుందో చరిత్రలో చూడండి. జోసెఫ్ పిస్టోన్ అనే ఎఫ్‌బీఐ ఏజెంటు 1976 నుంచి 1981 దాకా న్యూయార్క్ మాఫియాలో దొంగ నగల వ్యాపారిగా బతికాడు. అతను బయటికొచ్చాక పెద్ద పెద్ద కేసులు నడిచాయి. అతన్ని నమ్మి దగ్గరికి తీసిన డొమినిక్ నపోలిటానోని మాత్రం 1981లో మాఫియానే చంపేసింది. ఏజెంటును లోపలికి రానిచ్చినందుకు అది శిక్ష. మీ కథలో తుపాకీ పేలకపోవచ్చు. వెంకటేశ్వర్లు తలెత్తుకుని యార్డులో నడవలేకపోవడం చాలు.

మూడో మెట్టు: కట్టుకథను నిజానికి ఆనించి కట్టండి

అజ్ఞాతవాసం కన్నా గొప్ప కోవర్టు పాఠం మనకు ఇంకోటి లేదు. విరాటుడి కొలువులో చేరేముందు పాండవులు ఏం చేశారో వరసగా చూడండి. ఆయుధాలు జమ్మిచెట్టు మీద దాచారు. తమలో తాము పిలుచుకోవడానికి జయుడు, జయంతుడు, విజయుడు, జయత్సేనుడు, జయద్బలుడు అని రహస్యనామాలు పెట్టుకున్నారు. ఎవరికి వచ్చిన పని వాళ్ళు ఎంచుకున్నారు. తిండిపుష్టి ఉన్న భీముడు వలలుడనే వంటవాడయ్యాడు, జూదం తెలిసిన ధర్మరాజు కంకుభట్టయ్యాడు, గుర్రాలు నకులుడికి, ఆవులు సహదేవుడికి. ఎవరూ రాని పని నటించలేదు.

ఇంకో చిత్రం కూడా చేశారు. పూర్వం ఎక్కడ పనిచేశావని విరాటుడు అడిగితే ధర్మరాజు కొలువులో అన్నారు. సైరంధ్రి తాను సత్యభామనూ ద్రౌపదినీ కొలిచానంది. మాట నిజానికి దగ్గర. ఆరా తీయడానికి ఆ ధర్మరాజు ఎక్కడున్నాడో మాత్రం ఎవరికీ తెలియదు. కట్టుకథకు కావలసింది సరిగ్గా ఇదే: నిజంగా ఉండి, ఇప్పుడు అందుబాటులో లేని చోటు.

గుంటూరు చుట్టుపక్కల అలాంటి చోట్లున్నాయి. పులిచింతల ప్రాజెక్టు కింద మునిగిన ఊళ్ళు. వాటిలో కొల్లూరొకటి, ఒకప్పుడు వజ్రాల గనులతో పేరుమోసిన ఊరు. ఇప్పుడు అక్కడికెళ్ళి ఫలానా నాగరాజు ఇల్లేది అని అడగడానికి ఊరే లేదు. ఆ ఊరి జనం మాత్రం ఉన్నారు, పునరావాస కాలనీల్లో. భద్రత, ప్రమాదం పక్కపక్కనే ఉండటం నవలకు మంచిది.

పడమటి దేశాల కోవర్టు కథల్లో పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతా సరిపోతాయి. మన దగ్గర పరీక్ష ఇలా మొదలవుతుంది:

"ఏ ఊరబ్బాయ్ మీది?"

"కొల్లూరు బాబాయ్."

"తెనాలి అవతల కొల్లూరా?"

"కాదు, బెల్లంకొండ వైపు. ముంపులో పోయిందిగా."

"ఓహో, వజ్రాల కొల్లూరు. మరి ఇప్పుడెక్కడుంటన్నారు మీవాళ్ళు?"

"నాన్న పోయాక అమ్మని అక్కావాళ్ళు తీసుకెళ్ళారు. నేను లారీల మీద పడ్డా."

"ఇంటిపేరు?"

ఆ చివరి ప్రశ్న దగ్గర మీ కథ ఊపిరి బిగబట్టాలి. ఇంటిపేరు చెప్పగానే కులం తెలుస్తుంది, కులం తెలిస్తే చుట్టరికం వెతుకుతారు, నాలుగో ప్రశ్నకల్లా "అయితే ఫలానా వాళ్ళు మీకేమవుతారు?" అంటారు. ఇందులో అనుమానం ఉండనక్కర్లేదు. ప్రేమగానే అడుగుతారు. ప్రేమగా అడిగే ప్రశ్నలే కోవర్టుని చంపేవి. అందుకే నాగరాజుకి మూడు పొరల జవాబులు రాసుకోండి. పైకి చెప్పేది ఒకటి. గుచ్చి అడిగితే చెప్పేది ఒకటి: పరిహారం ఎంతొచ్చింది, ఎవరు తీసుకున్నారు, అన్నదమ్ముల మధ్య ఏం గొడవైంది. ఇంకా లోతుకు తవ్వితే కోపమో కన్నీళ్ళో తెచ్చుకుని మాట తప్పించేది ఒకటి. "ఆ డబ్బు గురించి మాత్రం అడక్కు బాబాయ్" అన్న ఒక్క మాట పది పత్రాల పెట్టు. తల్లీదండ్రీ లేని అనాథ అని మాత్రం రాయకండి. ఆ తాళంచెవి వాడివాడి అరిగిపోయింది.

పేరు సంగతి. అప్పలరాజు అనగానే ఉత్తరాంధ్ర అని ఎవరైనా చెబుతారు. నాగరాజు అయితే ఎక్కడివాడైనా కావచ్చు. రెండిట్లోనూ "రాజు" ఉండటం కావాలని చేసిన పని. నిద్రలో ఉన్నా, జనంలో ఉన్నా, "రాజూ" అని వెనకనుంచి పిలిస్తే తల దానంతటదే తిరగాలి.

నాలుగో మెట్టు: అతని చేత పని చేయించండి

కోవర్టుకి రోజులో ఎక్కువసేపు పోయేది ఉద్యోగానికే. మీ పేజీల్లో మాత్రం అతను ఎప్పుడూ చాటుగా వింటూనో, తాళాలు తీస్తూనో ఉంటే ఆ ఉద్యోగం ఎవరు చేస్తున్నట్టు?

యార్డులో ఒక పొద్దు రాయండి. రాత్రే దిగుమతైన టిక్కీలు కొట్టు ముందు వరసగా ఉంటాయి. మచ్చు కోసం బస్తాలు విప్పుతారు. కొనేవాడు గుప్పెడు కాయ తీసి, ఒకటి విరిచి, ఆరుదల చూస్తాడు. రంగు, పొడవు, తొడిమ, తాలు ఎంత ఉంది, అన్నీ కళ్ళతోనే తూస్తాడు. తేజ రకానికి ఒక ధర, 334కి ఒక ధర, తాలుకి మరీ తక్కువ. కాటా, బస్తాలు మోసే ముఠా కూలీల లెక్క, రైతు చేతికిచ్చే పట్టీ, అందులో కోతలు. అప్పటికి ధర నచ్చని రైతు సరుకును ఏసీకి పంపిస్తాడు. కోల్డ్ స్టోరేజీని గుంటూరులో ఏసీ అంటారు. అలా దాచిన సరుకు ఏసీ సరుకు. దాని బాండు మీద అప్పు పుడుతుంది. ఈ లెక్కల్లో మోసం ఎక్కడ దూరుతుందో గుమస్తాకి తెలుస్తుంది. మీ కోవర్టు కూడా గుమస్తా అయ్యాకే అది కనిపెట్టాలి.

మా కథలో సాంబశివరావు రైతులకు అప్పు మీద విత్తనం, పురుగుమందు ఇస్తాడు. పంట అతని కొట్టుకే రావాలి. పంట రాకపోతే అప్పు పెరుగుతుంది, రైతు ఇంకా గట్టిగా అతని చేతిలో ఉంటాడు. నకిలీ విత్తనం వల్ల అతనికి రెండు లాభాలు: విత్తనం మీద డబ్బు ఒకటి, అప్పు తీరని రైతు మీద పట్టు రెండోది. ఈ రెండో లాభం నాగరాజుకి ఏ గదిలో చాటుగా విన్నా తెలియదు. వరసగా మూడేళ్ళ పద్దులు నకలు రాసేటప్పుడు, అప్పు తీరని పేర్లన్నీ ఒకే ఎండాకాలంలో పొట్లాలు తీసుకున్నాయని కంటపడుతుంది. ఇలాంటి ఆవిష్కరణ రాయండి. పని చేస్తున్న చేతికి దొరికింది కాబట్టి నమ్ముతాం.

కాలం గడిచిందని చెప్పడానికి కూడా పనే పనికొస్తుంది. మొదటి వారం నాగరాజు తుమ్ముతాడు, దగ్గుతాడు, మర్చిపోయి కళ్ళు నులుముకుని అల్లాడతాడు. కూలీలు నవ్వుకుంటారు. కొన్నాళ్ళకు చొక్కాకి పట్టిన ఎర్రదుమ్ము ఉతికినా పోదు. బస్సులో పక్కవాడు తుమ్మితే తన వల్లేనని అతనికి తట్టదు. "ఆరు నెలలు గడిచాయి" అని రాసే అవసరం ఉండదు.

ఐదో మెట్టు: నాలుక, ఫోను

శ్రీకాకుళంవాడు పల్నాడువాడిగా మాట్లాడాలి. మెల్లగా మాట్లాడుతున్నంతసేపూ ఎవరైనా నెట్టుకొస్తారు. "ఎట్టా", "ఇట్టా", "ఏందయ్యా" అలవాటు చేసుకుంటారు. దెబ్బ తగిలినప్పుడు, కోపమొచ్చినప్పుడు, చిన్నపిల్లలతో ఆడేటప్పుడు పుట్టిన ఊరే నోటికొస్తుంది. బస్తా జారి కాలిమీద పడితే "ఏటి సేస్తన్నావు!" అనేస్తాడు. అది ఎవరి చెవిన పడిందో మీరు ముందే నిర్ణయించుకోండి. ఆ విన్నవాడు వెంటనే ఏమీ అనకపోతే ఇంకా మంచిది.

అందరి చేతా ఒకే గుంటూరు యాస మాట్లాడించకండి. కొనడానికొచ్చే వ్యాపారి వేరే రాష్ట్రంవాడు కావచ్చు, షావుకారు కాలేజీ చదివినవాడు కావచ్చు, ముఠా మేస్త్రి ఒంగోలు వైపువాడు కావచ్చు. ఇందరి మధ్య నాగరాజు యాస కాస్త అటూఇటూ అయినా చెల్లిపోవడం సహజం. లారీల మీద తిరిగానన్న కట్టుకథ ఇక్కడ కూడా అక్కరకొస్తుంది.

ఇప్పటి కథైతే గడ్డం మీసం కన్నా ఫోను పెద్ద చిక్కు. టీ కొట్టు దగ్గర క్యూఆర్ స్కాన్ చేసి డబ్బు పంపితే కొట్టువాడి ఫోన్లో కనపడేది బ్యాంకులో ఉన్న అసలు పేరు. ట్రూకాలర్లో నంబరు కొడితే మనల్ని జనం ఏ పేరుతో దాచుకున్నారో అది వస్తుంది. "పీసీ అప్పలరాజు" అని ఎవరో ఒక్కరు దాచుకుంటే చాలు. బ్యాచ్‌మేట్ల పెళ్ళి ఫోటోల్లో యూనిఫాంలో నిలబడ్డ మొహం ఫేస్‌బుక్‌లో ఎక్కడో ఉంటుంది. ఏ ఏడాది కథో దాన్నిబట్టి ఈ చిక్కులన్నీ ముందే విప్పండి. నాగరాజు ఎప్పుడూ నోట్లే ఎందుకిస్తాడు అని టీ కొట్టు రమణమ్మక్క అడగడం కూడా మంచి సన్నివేశమే.

ఆరో మెట్టు: పై అధికారి, కలిసే చోటు

ప్రకాశం బ్యారేజీ మీద అర్ధరాత్రి, కారు లైట్లు, సిగరెట్టు. ఇది రాయకండి. ఇద్దరు మగవాళ్ళు గంటసేపు పక్కపక్కన కూర్చున్నా ఎవరూ పట్టించుకోని చోట్లు మన ఊళ్ళలో బోలెడున్నాయి. గుంటూరు పెద్దాసుపత్రి ఓపీ, కొత్తపేటలో డాక్టరు గది బయట బల్లలు, దుర్గగుడి క్యూ, బెజవాడ బస్టాండు. ఓపీ అయితే రోగం పేరుతో మళ్ళీ మళ్ళీ రావచ్చు, చేతిలో చీటీ ఉంటుంది, కొట్లో సెలవు అడగడానికి కారణమూ ఉంటుంది. షుగరు వచ్చిందని అబద్ధం చెప్పినవాడు ఆ తర్వాత కొట్లో పంచిన స్వీటు తినకూడదు. ఇలాంటి చిన్న చిక్కులు రాసేవాడికి దొరికిన వరాలు.

అధికారి ఒక్కడి మాటే నమ్ముతాడా? కౌటిల్యుడి అర్థశాస్త్రంలో గూఢపురుషుల మీద ప్రత్యేకంగా అధ్యాయాలున్నాయి. ఒకచోట స్థిరంగా ఉండేవాళ్ళు కాపటికుడు, ఉదాస్థితుడు, గృహపతికుడు, వైదేహకుడు, తాపసుడు. శిష్యుడు, సన్యాసి, రైతు, వ్యాపారి, తపస్వి వేషాలన్నమాట. తిరిగేవాళ్ళు వేరే. ఒకరికొకరు తెలియని ముగ్గురి కబురు ఒకటైతేనే నమ్మాలని అందులో నియమం. దీన్ని మీ కథలోకి తెచ్చుకోండి. నాగరాజుకి తెలియకుండా యార్డులో ఇంకెవరో కూడా అదే అధికారికి కబురు చేస్తూ ఉండవచ్చు. వాళ్ళ కబురూ ఇతనిదీ కలవని రోజున అధికారి అడిగే మొదటి ప్రశ్న ఎలా ఉంటుందో ఊహించండి.

ఏడో మెట్టు: నేరం అంచున నిలబెట్టండి

నవల గుండె ఇక్కడే ఉంది. తొందరగా దాటకండి.

ఎండాకాలం. ఒక కౌలు రైతు వచ్చాడు. వెంకటేశ్వర్లు ఊళ్ళో లేడు. షావుకారు లోపలినుంచి కేకేశాడు: "రాజూ, ఆయనకి పొట్లాలియ్యి." ఆ పొట్లాలు నకిలీవని నాగరాజుకి తెలుసు. వాటి కవర్లు విజయవాడ నుంచి ఎలా వచ్చాయో కూడా తెలుసు. రైతు పొట్లం వెనక్కి తిప్పి, కళ్ళకు దూరంగా పట్టుకుని తేదీ చదవడానికి ప్రయత్నించాడు. చదవలేక, "మంచియ్యేగా అబ్బాయ్?" అన్నాడు.

జవాబు నాగరాజు చెప్పాలి. ఇవ్వకపోతే ఏడాది శ్రమ, కేసు, బహుశా ప్రాణం. ఇస్తే లక్షల్లో పెట్టుబడి పెట్టి, ఆరునెలల తర్వాత కాయ పట్టని చేలో నిలబడే మనిషి ఈ రైతే. ఈ సన్నివేశానికి తెలివైన దారి వెతక్కండి. పొట్లాలు మార్చేసి మంచివి ఇచ్చాడని రాస్తే పాఠకుడు ఊరట పొందుతాడు, మీ పుస్తకం మాత్రం చచ్చిపోతుంది. అతని చేత ఇప్పించండి. ఆ రైతు ఊరి పేరు అతను మర్చిపోలేకపోవాలి. కోతల కాలంలో ఆ రైతు ఖాళీ చేతులతో అదే కొట్టు మెట్లెక్కాలి.

చట్టం కూడా అతనికి గొడుగు పట్టదు. నేరగాళ్ళ మధ్య మారుపేరుతో ఉండే పోలీసు ఏ మేరకు నేరంలో పాలుపంచుకోవచ్చో చెప్పే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. అధికారి నోటిమాట ఉంటుంది, కాగితం ఉండదు. మీ కోవర్టు విలేకరి అయితే ఇంకా ఇరుకు. లంచమిచ్చి రహస్యంగా వీడియో తీసిన కేసులో, స్టింగ్ ఆపరేషన్ అన్నంతమాత్రాన దాన్ని నడిపినవాళ్ళు నేర విచారణ నుంచి తప్పించుకోలేరని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంతా చేస్తే శిక్ష ఎంత? 1966 విత్తన చట్టంలో మొదటి నేరానికి జరిమానా 500 రూపాయల దాకానే. మళ్ళీ చేస్తే ఆరునెలల దాకా జైలు, లేదా 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అందుకే పోలీసులు మోసం సెక్షన్ కలపాలి, దానికి ముందునుంచీ మోసగించే ఉద్దేశం ఉందని రుజువు కావాలి, ఆ రుజువు పద్దుల్లో ఉంది, పద్దులు వెంకటేశ్వర్లు చేతిరాత. చూడండి, చట్టం దారినే నడిచినా మళ్ళీ ఆ మనిషి దగ్గరికే వచ్చాం. 2024 జులై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాయి కాబట్టి మీ కథ ఏ ఏడాదిదో చూసుకుని సెక్షన్లు రాయండి.

ఎనిమిదో మెట్టు: ఎవరికి ఎప్పుడు తెలుస్తుంది

విరాటపర్వానికి మళ్ళీ వెళ్దాం. కీచకుడు నిండు కొలువులో ద్రౌపదిని తన్నాడు. భీముడు అక్కడే ఉన్నాడు. అతని చూపు దగ్గర్లో ఉన్న చెట్టు మీద పడింది, పెరికి కీచకుణ్ణి మోదడానికి. అది గమనించిన ధర్మరాజు వంటవాడితో మాట్లాడినట్టే మాట్లాడాడు: వంటచెరకు కావాలంటే ఈ చెట్టు వద్దు, బయట వెతుక్కో అని. సభకు అది మామూలు మాట. భీముడికి ఆజ్ఞ. ద్రౌపదికి గుండెకోత. ఒకే వాక్యం ముగ్గురికి మూడు రకాలుగా వినపడింది. మీ నవలలో ఇలాంటి వాక్యం ఒక్కటి పడినా ధన్యం.

అసలు గుట్టు ఎలా బయటపడుతుందో కూడా అక్కడ ఉంది. కీచకుడు చచ్చిన తీరు విని, అంత పని చేయగలవాడు భీముడేనని దుర్యోధనుడు ఊహించాడు. పనిలో నైపుణ్యమే పట్టిచ్చింది. నాగరాజు విషయంలో అది ఏమై ఉండవచ్చు? బస్తాల దగ్గర గొడవైనప్పుడు మనిషి చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్న తీరు. అధికారి ఎవరైనా వస్తే తెలియకుండానే మడమలు కలవడం. వాచీ చూడకుండానే టైము చెప్పడం. వీటిలో ఒకటి చాలు.

నా సలహా అడిగితే, నాగరాజు సంగతి షావుకారు కన్నా ముందు వెంకటేశ్వర్లుకి తెలియాలి. "ఏటి సేస్తన్నావు" విన్నది అతనే. చాలారోజులు ఊరుకున్నాడు. ఒక సాయంత్రం పద్దు మూసి, కళ్ళజోడు తుడుచుకుంటూ, "కొల్లూరు వాళ్ళు అట్టా మాట్లాడరు అబ్బాయ్" అన్నాడు. అంతే. షావుకారుకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదన్నది తర్వాతి వంద పేజీలు. పూచీ పడ్డాడు కాబట్టి తన పరువు పోతుందనా? ఆ విత్తనాల పాపం తనకూ తెలుసు కాబట్టా? కొడుకులా చూసుకున్నాడు కాబట్టా? ఈ మూడూ కావచ్చు. ఏది ఎక్కువో మీరు చివరిదాకా తేల్చకపోయినా ఫరవాలేదు.

తొమ్మిదో మెట్టు: దాడి తర్వాత కథ ఆపకండి

చాలామంది జీపులు రాగానే నవల ముగిస్తారు. నిజానికి కోవర్టుకి అసలు పరీక్ష కోర్టులో. సాంబశివరావు ఒక రాత్రి మందు కొట్టి తన మోసమంతా నాగరాజుకి చెప్పాడనుకోండి. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నదాన్ని ముద్దాయి మీద రుజువుగా వాడకూడదని మన సాక్ష్య చట్టం. విన్నవాడు మారువేషంలో ఉన్న పోలీసే కాబట్టి డిఫెన్స్ లాయరు మొదట పట్టుకునేది దాన్నే. ఫోన్లో రికార్డు చేశాడంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ రాయాలి. రహస్యంగా తీసిన వీడియో వేయగానే కోర్టు చప్పట్లు కొట్టదు.

పద్దులు రాసినందుకు వెంకటేశ్వర్లు ముద్దాయిల జాబితాలో ఉంటాడు. అప్రూవర్‌గా మారితే క్షమాభిక్ష దొరికే దారి చట్టంలో ఉంది, తెలిసినదంతా దాచకుండా చెప్పాలన్న షరతు మీద. అతన్ని ఒప్పించడానికి ఎవరిని పంపుతారు? అప్పలరాజునే. ఈసారి అసలు పేరుతో, అసలు యాసతో, అతని ఇంటికి వెళ్ళాలి. తలుపు తీసేది బహుశా వెంకటేశ్వర్లు భార్య. ఏడాదిపాటు తన చేత్తో అన్నం పెట్టిన మనిషి. "రా రాజూ" అనే అంటుందా? ఆమె మాటను తేలిగ్గా రాయకండి.

ఇలాంటి మోసం మామూలు మనుషుల మీద ఎంత లోతుగా దిగుతుందో బ్రిటన్‌లో చూశారు. 1968 నుంచి 2008 దాకా నడిచిన ఒక రహస్య పోలీసు దళంలో కొందరు అధికారులు చనిపోయిన పసిపిల్లల పేర్లు వాడుకున్నారు, ఉద్యమాల్లో ఉన్న ఆడవాళ్ళతో ఏళ్ళ తరబడి కాపురాల్లాంటి బంధాలు పెట్టుకుని ఒకరోజు మాయమయ్యారు. నిజం బయటపడ్డాక 2015లో ప్రభుత్వం బహిరంగ విచారణ వేయాల్సివచ్చింది. కోవర్టు కథలో ప్రేమకథ పెట్టేముందు ఆ ఆడవాళ్ళను ఒకసారి తలుచుకోండి. తను ప్రేమించిన మనిషి అసలు లేడని తెలిసిన స్త్రీకి మీ హీరో చెప్పే క్షమాపణ ఎంత చిన్నదో అర్థమవుతుంది.

పదో మెట్టు: చిత్తుప్రతి చేతికొచ్చాక

యార్డు అధ్యాయాలు గుమస్తాగా చేసినవాళ్ళకు ఇవ్వండి, కోర్టు అధ్యాయాలు జూనియర్ లాయరుకు, అప్పలరాజు మాటలు శ్రీకాకుళం మనిషికి. బాగుందా అని అడగవద్దు. ఎక్కడ ఆగారు, ఎక్కడ "ఇలా జరగదు" అనుకున్నారు అని మాత్రం అడిగి, చెప్పింది రాసుకోండి. వాదించకండి.

తర్వాత వెంకటేశ్వర్లు ఉన్న పేజీలన్నీ విడిగా తీసి, వరసగా పెట్టి చదవండి. మిగతా నవల లేకపోయినా ఆ పేజీలు ఒక మనిషి కథగా నడవాలి. నడవకపోతే హీరో పేజీలు దిద్దుతూ కూర్చోకుండా రెండో మెట్టు దగ్గరికి వెళ్ళి, ఆ టోల్‌గేటు రాత్రి మళ్ళీ రాయండి.